చెప్పినవాళ్ళ మీద ఉండే బాకీ

అక్టోబరు నెల వస్తే మన బళ్ళకు ఒక పని వచ్చి చేరుతోంది. గులాబీ రంగు కాగితం కత్తిరించి రిబ్బన్లు చేయాలి, పిల్లలను వరుసగా నిలబెట్టాలి, ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసం అంటారు. ఈ పనిని వెక్కిరించడానికి మేం ఈ వ్యాసం రాయడం లేదు. జబ్బు నిజం, చావులు నిజం. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో సుమారు 1,92,000 మంది ఆడవాళ్ళకు ఈ జబ్బు కొత్తగా బయటపడింది, సుమారు 98,000 మంది చనిపోయారు. అయితే ఫొటో తీసేశాక అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలిపోతోంది. ఒక మనిషికి "నీకు ఈ జబ్బు రావచ్చు, జాగ్రత్తగా చూసుకో" అని చెప్పాక, చెప్పినవాళ్ళ పని అయిపోయినట్టేనా? ఆ జబ్బు పేరు మీద డబ్బు పోగుచేసినవాళ్ళు ఎవరికి లెక్క చెప్పాలి?

మా వైపు వానలకు ముందు భూమి పండుగ చేస్తాం. మగవాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కర్రో తాడో పట్టి, పాట పాడుతూ, వచ్చే పోయే బండ్లను ఆపి పైసలు అడుగుతారు. మైదానం నుంచి వచ్చిన డ్రైవర్లు కొందరు దీన్ని అడుక్కోవడం అనుకుంటారు. అది అడుక్కోవడం కాదు. ఎన్ని పైసలు వచ్చాయో పొద్దుగూకేలోపు గుంపంతటికీ తెలుస్తుంది. దాంతో ఏం కొన్నారో, ఎవరు వండారో, ఎవరి ఆకులో ఎంత పడిందో కూడా తెలుస్తుంది. అడిగినవాళ్ళూ లెక్కపెట్టినవాళ్ళూ తిన్నవాళ్ళూ ఒకరే. పెద్ద ఊళ్ళలో, పెద్ద దేశాల్లో పోగయ్యే విరాళానికి ఈ గుణం లేదు. అక్కడ ఇచ్చేవాడు ఒక చోట ఉంటాడు, లెక్క ఇంకో చోట ఉంటుంది, జబ్బు పడ్డ మనిషి మరెక్కడో ఉంటుంది. కాబట్టి ఆ రిబ్బను ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం వెనక్కి పోయి చూద్దాం. పిల్లలకు కూడా ఈ కథ చెప్పవచ్చు.

అమెరికాలో షార్లెట్ హేలీ అనే పెద్దావిడ ఉండేది. ఆమె ఇంట్లోనే అమ్మమ్మకూ అక్కకూ కూతురికీ ఈ జబ్బు వచ్చింది. 1990ల మొదట్లో ఆమె తన భోజనం బల్ల మీద కూర్చొని లేత నారింజ రంగు రిబ్బన్లు చేసి, ఒక్కో కార్డుకు ఐదు చొప్పున గుచ్చి పంచింది. కార్డు మీద ఆమె రాసిన సంగతి ఇది: జాతీయ క్యాన్సర్ సంస్థ ఏడాది బడ్జెట్ 180 కోట్ల డాలర్లు, అందులో జబ్బు రాకుండా చూసే పనికి పోయేది 5 శాతమే, చట్టాలు చేసేవాళ్ళను నిద్ర లేపండి. ఆ కార్డు డబ్బు అడగలేదు. ప్రభుత్వం దగ్గర ఉన్న డబ్బు ఎటు పోతోందని అడిగింది. 1992లో ఒక ఆడవాళ్ళ పత్రిక, ఒక సౌందర్య సాధనాల కంపెనీ వచ్చి ఆ రిబ్బనును తమకు ఇమ్మన్నాయి. ఇది వ్యాపారమవుతుందని ఆమె ఒప్పుకోలేదు. వాళ్ళు వకీళ్ళను అడిగి రంగు మార్చారు. గులాబీ రంగు అలా వచ్చింది. రంగుతోపాటు కార్డు మీది ప్రశ్న కూడా పోయింది.

ఆ తరవాత ఆ రంగు ఎక్కని వస్తువు లేదు. 2010లో వేయించిన కోడి అమ్మే ఒక పెద్ద కంపెనీ గులాబీ డబ్బాల్లో కోడి అమ్మి, డబ్బాకు అర డాలరు చొప్పున క్యాన్సర్ సంస్థకు ఇచ్చింది. అంతకుముందే, 1985లో, ఈ అక్టోబరు కార్యక్రమాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకరు మందుల కంపెనీ. రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్ మాత్ర వాళ్ళదే. ఆ మాత్ర మంచిది, చవకది, ఇప్పటికీ ఎందరినో బతికిస్తోంది. కాబట్టి కంపెనీ అనగానే చెడ్డ అనడం మాకు ఇష్టం లేదు. కానీ మందు అమ్మేవాడు అవగాహన కల్పిస్తే, మందుకూ పరీక్షకూ సంబంధించిన అవగాహనే ఎక్కువ కలుగుతుంది. ఈ జబ్బు ఎందుకు వస్తోంది, నీళ్ళలో గాలిలో తిండిలో ఏముంది అనే సంగతి వెనక్కి పోతుంది. ఇందులో కుట్ర వెతకనక్కర్లేదు. ఇప్ప పువ్వు కొనే సేటు ఇప్ప పువ్వు గురించే మాట్లాడతాడు.

అదే అమెరికాలో అదే సంవత్సరాల్లో ఇంకో పని కూడా జరిగింది, దాని గురించి మనం తక్కువ వింటాం. జబ్బు పడ్డ ఆడవాళ్ళు సంఘం కట్టి, సంతకాలు పోగేసి, చట్టసభ మీద ఒత్తిడి పెట్టారు. రక్షణ శాఖ బడ్జెట్‌లోంచి 21 కోట్ల డాలర్లు ఈ జబ్బు పరిశోధనకు తెచ్చుకున్నారు. ఆ డబ్బుతో ఏ పరిశోధన చేయాలో పరిశీలించే బృందాల్లో శాస్త్రవేత్తల పక్కన ఈ జబ్బును అనుభవించినవాళ్ళు కూడా ఓటుతో కూర్చుంటారు. మేం రిబ్బను కంటే ఈ కుర్చీకి ఎక్కువ విలువ ఇస్తాం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. చెప్తే చాలు, తెలిస్తే చాలు అనే నమ్మకం మన చదువుకున్నవాళ్ళలో బాగా ఉంది. పంతుళ్ళలో మరీ. మన ఉద్యోగమే చెప్పడం. కానీ చెప్పడం ఎంత పని చేస్తుందో కొలిచినవాళ్ళు ఉన్నారు. చైనాలోని షాంఘై నగరంలో బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,000 మంది ఆడవాళ్ళను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి తమ రొమ్మును తామే తడిమి చూసుకోవడం నేర్పారు. ఏళ్ళపాటు గుర్తుచేశారు, దగ్గరుండి చేయించారు. 2002లో ఫలితం వచ్చింది. నేర్చుకున్నవాళ్ళలోనూ నేర్చుకోనివాళ్ళలోనూ ఈ జబ్బుతో చావులు ఒకే తీరుగా ఉన్నాయి. నేర్చుకున్నవాళ్ళలో మాత్రం క్యాన్సర్ కాని మామూలు గడ్డలకు భయపడి ఆసుపత్రికి పోయి ముక్క పరీక్ష చేయించుకున్నవాళ్ళు ఎక్కువ తేలారు. తన ఒంట్లో మార్పు తనకు తెలియడం మంచిదే. కానీ తెలియడం ఒక్కటే ప్రాణం కాపాడుతుందని ఎవరైనా అంటే నమ్మవద్దు.

ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రివాళ్ళు 1998లో ఇంకో పెద్ద పని మొదలుపెట్టారు. మురికివాడల్లో ఉండే 35 నుంచి 64 ఏళ్ళ లక్షన్నర మంది ఆడవాళ్ళను రెండు సగాలు చేశారు. ఒక సగం దగ్గరికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి వచ్చి చేత్తో పరీక్ష చేశారు. మమోగ్రాం మిషను లేదు, చేయి మాత్రమే. రెండో సగానికి క్యాన్సర్ గురించి ఒకసారి చెప్పారు, పరీక్ష చేయలేదు. ఇరవై ఏళ్ళు చూసి 2021లో ఫలితం ప్రకటించారు. చేత్తో పరీక్ష చేసినచోట జబ్బు ముందుగా, చిన్నగా ఉన్నప్పుడే దొరికింది. 50 ఏళ్ళు దాటినవాళ్ళలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్న వయసువాళ్ళలో ఆ లాభం కనబడలేదు.

ఈ ఫలితాన్ని మేం రెండు విధాలుగా చదువుతాం. ఒకటి సంతోషం. మిషను లేని చోట, కరెంటు ఉండీ లేని చోట, మన ఏఎన్ఎం అక్క చేయి కూడా పనికొస్తుందని రుజువైంది. రెండోది మనసులో ముల్లు. ఆ రెండో సగంలో ఉన్న డెబ్బై ఆరు వేల మంది ఆడవాళ్ళకు దక్కింది మాట మాత్రమే. చేయి దక్కలేదు. అప్పటికి చేత్తో పరీక్ష చావులను తగ్గిస్తుందని ఎవరికీ తెలియదు, అది తేల్చడానికే ఈ పని, తేల్చాలంటే పోల్చి చూడాలి అని వైద్యులు అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. పోల్చకుండా శాస్త్రం లేదు. కానీ ఎప్పుడు పోల్చినా పేదవాళ్ళనే ఎందుకు పోలుస్తారు అని అడగడంలో కూడా న్యాయం ఉంది. ఈ రెండూ ఒకదాన్ని ఒకటి కొట్టేయవు. మేం ఇన్నాళ్ళు ఆలోచించి చేరిన చోటు ఇదే: ఆ ఆడవాళ్ళ ఇరవై ఏళ్ళ వల్ల తేలిన సంగతి ఉందే, దాన్ని వాడకపోవడం అన్నిటికంటే పెద్ద అన్యాయం. వాళ్ళ వల్ల వచ్చిన తెలివి మన సబ్ సెంటర్ దాకా రావాలి. వచ్చిందా? 30 ఏళ్ళు దాటిన ప్రతి ఆడమనిషికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నామని చెప్పిన ఆడవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ఒకరు కూడా లేరు.

మా పక్క గుంపులో ఒక వదిన ఉండేది. చంటి పిల్లకు పాలు మాన్పించాక రొమ్ములో గట్టిగా ఏదో తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిది జబ్బెలా అవుతుంది అనుకుంది. ఈ జబ్బులో గడ్డకు మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఏడాదికి చర్మం లోపలికి గుంజుకుపోయింది. వడ్డె దగ్గరికి పోయింది, మొక్కింది, ఆకు పసరు కట్టించుకుంది. ఇందుకు వడ్డెను తప్పుపట్టేవాళ్ళు ఉన్నారు. మేం పట్టం. ఆమె పిలిస్తే పలికేంత దగ్గరలో ఉన్నది ఆయన ఒక్కడే. తరవాత ఒక ఆసుపత్రికి పోతే పెద్ద ఊరికి రాశారు, అక్కడ హైదరాబాదుకు రాశారు. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషనూ కీమో మందూ ఉచితమే. కానీ 300 కిలోమీటర్లు పోవడానికి బస్సు చార్జీ, తోడు వచ్చేవాళ్ళ కూలి, అక్కడ వరండాలో పడుకున్న రోజుల తిండి, ఇక్కడ ఇంట్లో పిల్లల తిండి ఉచితం కాదు. రెండు సార్లు పోయింది. మూడోసారి తునికాకు సీజను వచ్చింది. ఆమె పోలేదు.

ఆమెకు అవగాహన లేదని రాసుకోవడం ఎవరికైనా తేలిక. చివరి ఏడాది ఆమెకు తన జబ్బు గురించి మా అందరికంటే ఎక్కువ తెలుసు. తెలిసి చనిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఈ జబ్బు గురించి మూడు అంకెలు చెప్పింది. నూటికి 60 మందికి పైగా జబ్బు మొదటి రెండు దశల్లోనే బయటపడాలి. అనుమానం వచ్చి ఆసుపత్రికి పోయిన 60 రోజుల్లోపు ఏమిటో తేలాలి. నూటికి 80 మందికి వైద్యం చివరిదాకా పూర్తికావాలి. రిబ్బను మొదటి అంకె గురించే మాట్లాడుతుంది. ఆమె చనిపోయింది రెండో అంకె దగ్గర, మూడో అంకె దగ్గర.

కాబట్టి మా అభిప్రాయం ఇది. అవగాహన కల్పించడం ఒక వాగ్దానం. చూసుకో అని చెప్పినవాళ్ళు, కనబడితే నాతో రా అని కూడా చెప్పినట్టే లెక్క. నాతో రా అనలేనప్పుడు చెప్పకూడదా? చెప్పాలి. కానీ బాకీ రాసుకొని చెప్పాలి.

సిగ్గు గురించి ఒక మాట. ఆదివాసీ ఆడవాళ్ళు సిగ్గుతో చెప్పుకోరు, అందుకే జబ్బు ముదురుతుంది అని శిక్షణ తరగతుల్లో చెబుతారు. మా అమ్మమ్మల తరం రవిక ఎరగదు. పిల్లకు పాలివ్వడానికి ఎవరూ చాటుకు పోలేదు. ఒంటిమీద పుండు ఉంటే ఎక్కడున్నా పుండే. సిగ్గు మనకు బడితోనూ బజారుతోనూ వచ్చింది, రవికతోపాటు కుట్టుకొని వచ్చింది. ఇప్పుడు సిగ్గుపడవద్దని చెప్పడానికి కూడా బయటివాళ్ళే వస్తున్నారు. నవ్వు వస్తుంది గానీ, వచ్చిన సిగ్గు నిజమే కాబట్టి మనమే దాన్ని దించుకోవాలి. తరగతిలో "రొమ్ము" అనే మాట పంతులమ్మ మామూలు గొంతుతో పలికితే చాలు, సగం పని అవుతుంది. పంతుళ్ళు కూడా పలకవచ్చు. ఈ జబ్బు మగవాళ్ళకు కూడా వస్తుంది, జబ్బు పడ్డవాళ్ళలో నూటికి ఒకరు అటూ ఇటూగా మగవాళ్ళే. అంటుకునేది కాదు. గడ్డ అన్నదల్లా క్యాన్సర్ కాదు, ఎక్కువ గడ్డలు కావు. చనుమొన నుంచి నెత్తురు రావడం, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడటం, చంకలో గడ్డ, ఇవి కనబడితే వెంటనే చూపించుకోవాలి. ఈ నాలుగు మాటలు చెప్పడానికి అక్టోబరు దాకా ఆగనక్కర్లేదు.

ఇక పరిశోధన. ఇక్కడ మన ప్రాంతపు గాయం ఒకటి ఉంది, దాన్ని దాటేసి విరాళాల గురించి మాట్లాడితే అబద్ధం అవుతుంది. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు కూడా, 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా ఇచ్చారు. సుమారు 14,000 మంది పిల్లలు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉన్న మన పిల్లలు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. అధ్యయనం అని పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ సరిగా తెలియలేదు. ఇక్కడా గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకాతో సంబంధం లేదని, లేదా ఉండే అవకాశం తక్కువని విచారణ కమిటీ చెప్పింది. 2010 ఏప్రిల్‌లో పని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది. పరిశీలించిన అంగీకార పత్రాలు 9,543. అందులో 1,948 వేలిముద్రలు. 2,763 చోట్ల సంతకం పెట్టింది వార్డెన్లు.

ఆ టీకా చెడ్డది కాదు. ఈ రోజు ఎన్నో దేశాల్లో ఆడపిల్లలకు ఇస్తున్నారు, మంచి ఫలితాలు వచ్చాయి. మన పిల్లలకు అది అందడం అవసరం కూడా. మంచి మందును చెడ్డ పద్ధతిలో ఇస్తే రెండు నష్టాలు: ఆ రోజు పిల్ల హక్కు పోయింది, ఆ తరవాత మంచి మందు మీద నమ్మకం పోయింది. ఇప్పటికీ మా వైపు సూది అంటే తల్లులు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. ఆ ప్రశ్నలను మూఢనమ్మకం అనేవాళ్ళు ఆ 2,763 సంతకాలను ఒకసారి గుర్తుచేసుకోవాలి. అవి డాక్టర్లు పెట్టిన సంతకాలు కావు. మన వృత్తివాళ్ళు పెట్టినవి. పెట్టినవాళ్ళలో చెడ్డవాళ్ళు ఉండి ఉంటారని మేం అనుకోవడం లేదు. పైనుంచి కాగితం వచ్చింది, పిల్లలకు మంచిదన్నారు, పెట్టారు. మంచివాళ్ళు అంత తేలిగ్గా పెట్టగలగడమే మమ్మల్ని భయపెట్టేది.

దీనికి జవాబుగా మన యువకుల్లో కొందరు, ఇక ఏ పరిశోధనకూ మనం ఒళ్ళు ఇవ్వవద్దు, డబ్బూ ఇవ్వవద్దు అంటారు. వాళ్ళ కోపం మాకు అర్థమవుతుంది. కానీ ఒప్పుకోలేం. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాం. పన్ను పీకేముందు చిగురుకు ఇచ్చే మత్తు సూది మనందరికీ తెలుసు. టాటా మెమోరియల్ వైద్యులే, దేశంలో 11 ఆసుపత్రుల్లో, సుమారు 1600 మంది రొమ్ము క్యాన్సర్ రోగులతో ఒక పరిశోధన చేశారు. ఆపరేషన్‌కు కొద్ది నిమిషాల ముందు ఆ మందునే గడ్డ చుట్టూ కొందరికి ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. ఇవ్వనివాళ్ళలో ఐదేళ్ళ తరవాత బతికి ఉన్నవాళ్ళు నూటికి 86, ఇచ్చినవాళ్ళలో 90. 2023లో ఈ ఫలితం అచ్చయింది. ఆ మందు ఎంతో చవక. దాని మీద ఎవరికీ పేటెంటు లేదు, అందువల్ల దాని మీద పరిశోధనకు ఏ కంపెనీ డబ్బు పెట్టదు. ఇలాంటి పరిశోధనకు జనం డబ్బే దిక్కు. పేదవాళ్ళకు పనికొచ్చే వైద్యం తేలాలంటే పేదవాళ్ళ గురించి ఎవరో పరిశోధించాలి. మనం లేని పరిశోధన మన ఒంటికి సరిపోతుందో లేదో మనకు ఎప్పటికీ తెలియదు.

అందుకే మొన్న కొందరు పంతుళ్ళూ ఇంటర్, డిగ్రీ పిల్లలూ కూర్చున్నప్పుడు మేం ఇలా అన్నాం. పోగుచేద్దాం. వచ్చినదాంట్లో ఎక్కువ భాగం వైద్యానికి పోయే మనిషికి, తోడు పోయే మనిషికి చార్జీకీ తిండికీ ఉంచుదాం. కొంచెం మాత్రం పరిశోధనకు, ప్రభుత్వ ఆసుపత్రి చేసేదానికి పంపుదాం. ఒక అబ్బాయి లేచి, "సార్, మన ఐదు వందల రూపాయలతో వాళ్ళకు ఏమవుతుంది?" అన్నాడు. వాళ్ళకు ఏమీ కాదు. మనకు అవుతుంది. పైసా ఇచ్చినవాడు లెక్క అడుగుతాడు. ఆ డబ్బు దేనికి వాడారు, మా వైపు ఆడవాళ్ళు అందులో ఉన్నారా, ఫలితం మాకు తెలుగులోనో కోయలోనో ఎప్పుడు చెబుతారు అని ఉత్తరం రాయవచ్చు. డబ్బు లేకపోయినా అడిగే హక్కు ఉందనుకోండి, కానీ ఇచ్చినవాళ్ళకు అడిగే అలవాటు తొందరగా వస్తుంది.

అదే కూర్చోవడంలో ఎక్కువసేపు వాదన నడిచింది సంతకం గురించి. తల్లిదండ్రులు దూరాన పోడు మీద ఉంటారు, ఫోను అందదు, హాస్టల్ పిల్లకు జ్వరం వచ్చినా సూది కోసం వార్డెనే కదా సంతకం పెట్టేది, అన్నిటికీ ఆగితే ఎలా అని ఒక తమ్ముడు అడిగాడు. ఆయన హాస్టల్ నడుపుతున్నాడు, కష్టం తెలిసి అడిగాడు. జ్వరం వేరు. జ్వరంలో ఆగితే పిల్లకు నష్టం. అధ్యయనంలో ఆగితే అధ్యయనానికే ఆలస్యం. ఆ తేడా మీద చివరికి అందరం ఒప్పుకున్నాం. అధ్యయనం అనే మాట ఉన్న ఏ కాగితం మీదా తల్లిదండ్రుల బదులు మనం సంతకం పెట్టం. వాళ్ళకు వాళ్ళ భాషలో చదివి వినిపిస్తాం, పిల్లను కూడా అడుగుతాం, వద్దంటే వద్దని రాస్తాం. తల్లిదండ్రులు ఎలాగూ సంత రోజు వస్తారు. కాగితం సంత దాకా ఆగగలదు.